తెగిన లిగమెంట్ మళ్లీ నిలదొక్కుకునేదాకా

మోకాలి కీలులో ఎముకలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండవు. తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గుంటలో కూర్చుంటుంది. మోకాలికి ఆ భద్రత లేదు. పైనున్న తొడ ఎముక చివర గుండ్రంగా, కిందున్న కాలి పెద్ద ఎముక పైభాగం దాదాపు చదునుగా ఉంటాయి. రెండూ ఒకదానిమీద ఒకటి జారిపోకుండా పట్టి ఉంచే పని లిగమెంట్లది. వాటిలో ముఖ్యమైనవి నాలుగు. లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి ఉంటే, మిగిలిన రెండూ కీలు నడిమధ్యన ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోతాయి. ఈ రెండిటిలో ముందు వైపుది యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్. ఆసుపత్రిలోనూ ఆటస్థలంలోనూ అందరూ దాన్ని ఏసీఎల్ అనే అంటారు. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు సెంటీమీటరుకు అటూ ఇటూ. ఇంత చిన్నదే అయినా, యువకుల్లో ఇది తెగాలంటే సుమారు 2,160 న్యూటన్ల బలం, అంటే దాదాపు 220 కిలోల బరువు లాగినంత పట్టు కావాలని మృతదేహాల మోకాళ్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరిగినప్పుడు కీలు పక్కకు తప్పకుండా కాసేది ఇదే. కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు చేరవేసే నాడుల కొసలు కూడా దీనిలో ఉన్నాయి. అందుకే అది తెగినవాళ్లు బలం పోయిందని కాకుండా, కాలు మీద నమ్మకం పోయిందని చెబుతారు.

అంత బలమైనది తెగడానికి ఎదుటివాడు వచ్చి గుద్దాలేమో అనిపిస్తుంది. నిజానికి పదింటిలో ఏడు ఏసీఎల్ గాయాలు ఎవరూ తగలకుండానే అవుతాయి. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు గీత వైపు ఒక్కసారిగా మళ్లినప్పుడు, షటిల్‌లో ఎగిరి స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు, పాదం నేలకు పాతుకుపోయి ఒళ్లు మాత్రం పక్కకు తిరుగుతుంది. మోకాలు లోపలికి వాలుతుంది. సెకనులో పదో వంతు కూడా గడవకముందే లిగమెంట్ తెగుతుంది. మన దేశంలో ఆటలతో పాటు ద్విచక్ర వాహనాలు కూడా పెద్ద కారణం. బండి ఒరిగిపోతుంటే కాలు ఆనించి ఆపబోయేసరికి మోకాలు మెలిపడుతుంది. బండి మీంచి పడి మోకాలి కింది భాగం నేరుగా నేలకు కొట్టుకుంటే, ఏసీఎల్ కన్నా వెనక వైపు క్రూసియేట్ లిగమెంట్ దెబ్బతినే అవకాశం ఎక్కువ.

తెగిన క్షణంలో లోపల ‘టప్’మన్న చప్పుడు చాలామందికి తెలుస్తుంది. రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బిపోతుంది. ఆ వాపులో ఉండేది నీరు కాదు, లిగమెంట్‌లోని రక్తనాళాలు చిట్లి కీలులోకి చేరిన రక్తం. నిదానంగా, మరుసటి రోజుకు వచ్చే వాపుకూ గంటల్లోనే వచ్చే ఈ వాపుకూ ఉన్న తేడా డాక్టర్‌కు ముఖ్యమైన ఆధారం. చిక్కేమిటంటే, రెండు మూడు వారాల్లో వాపు తీసి, నొప్పి తగ్గి, మనిషి మామూలుగా నడుస్తాడు. బెణుకే కదా, తగ్గిపోయిందనుకుని ఆ సంగతి మరిచిపోతాడు. మెట్లు దిగుతూ పక్కకు తిరిగినప్పుడో, పొలం గట్టు మీద కాలు జారినప్పుడో మోకాలు పట్టు తప్పి కూలబడేదాకా అసలు సంగతి బయటపడదు.

దీన్ని తేల్చడానికి చేతి పరీక్ష చాలాసార్లు సరిపోతుంది. రోగి వెల్లకిలా పడుకుంటాడు. మోకాలు ఇరవై ముప్ఫై డిగ్రీలు వంచి, డాక్టర్ ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కాలి ఎముకను ముందుకు లాగుతారు. లిగమెంట్ బాగుంటే ఎముక కొద్దిగా కదిలి, ఏదో గట్టిగా పట్టి ఆపినట్టు టక్కున ఆగుతుంది. తెగి ఉంటే ఆగాల్సినచోట ఆగకుండా మెత్తగా ముందుకు వస్తూనే ఉంటుంది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాన్ లాక్‌మన్ పేరుతో 1976లో ప్రచురణకెక్కిన ఈ పరీక్ష ఇప్పటికీ తొలి మెట్టు. తర్వాత తీసే ఎంఆర్ఐ లిగమెంట్ తెగిందని నిర్ధారించడానికి ఎంత పనికొస్తుందో, దాంతోపాటు ఇంకేం దెబ్బతిన్నదో చూడటానికి అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్‌లు, ఎముకల కొసలను కప్పి ఉండే మృదులాస్థి, అంటే జనం ‘గుజ్జు’ అని పిలిచేది, ఇవెలా ఉన్నాయన్న దాన్ని బట్టే మోకాలి దీర్ఘకాలిక భవిష్యత్తు చాలావరకు తేలుతుంది.

లోపలి పక్క లిగమెంట్ తెగితే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. కొన్ని వారాలు బ్రేస్ వేసుకుంటే అదే అతుక్కుంటుంది. అది కీలు బయట, రక్తం బాగా అందే కణజాలం మధ్య ఉంటుంది. తెగినచోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఆధారంగా కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఏసీఎల్ ఉండేది కీలు లోపల. అక్కడి జిగట ద్రవం రక్తపు గడ్డను నిలవనీయకుండా కరిగించేస్తుంది. తెగిన కొసలు దూరమై, మొద్దుబారి, క్రమంగా కుంచించుకుపోతాయి. విరిగిన ఎముకకు పనికొచ్చే కట్టు ఇక్కడ పనికి రాకపోవడానికి కారణం ఇదే. పుత్తూరు కట్టుకు పేరొచ్చింది ఎముకల విషయంలో. కీలు లోపల తెగి వేలాడే లిగమెంట్ సంగతి వేరు. నాటుకట్టు వేయించుకుని మూడు నెలలు గడిపి వచ్చేసరికి తొడ కండరం సన్నబడి, కీలు బిగిసి, అసలు సమస్య అలాగే ఉన్న రోగులను ఆర్థోపెడిక్ డాక్టర్లు చూస్తూనే ఉంటారు.

తెగినదాన్ని కుట్టేస్తే సరిపోదా అన్నది శస్త్రవైద్యులకు మొదట తట్టిన ఆలోచనే. 1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ ఒక గని కార్మికుడి రెండు క్రూసియేట్ లిగమెంట్లనూ కుట్టాడు. ఆరేళ్ల తర్వాత కూడా ఆ మనిషి కాలు గట్టిగా ఉందని రాసుకున్నాడు. అలాంటి అదృష్టం అందరికీ పట్టలేదు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ క్యాడెట్లకు ఇలా కుట్టిన జాన్ ఫీగిన్, అయిదేళ్ల తర్వాత వాళ్లను పరీక్షించి చూస్తే ఎక్కువమంది మోకాళ్లు మళ్లీ వదులయ్యాయి. 1976లో తన సొంత ఆపరేషన్లు విఫలమయ్యాయని ఆయన ప్రచురించిన ఆ ఫలితాలు కుట్ల పద్ధతికి దాదాపు తెర దించాయి. కార్బన్ నారలు, డాక్రాన్, గోర్-టెక్స్ లాంటి కృత్రిమ లిగమెంట్లకు 1980లలో వచ్చిన ఊపు కూడా నిలవలేదు. కీలులో రాపిడికి అవి చిరిగి, రేణువులు రాలి, లోపల వాపు తెచ్చాయి. చివరికి నిలిచింది ఇంగ్లండ్‌లోనే బ్రిస్టల్‌కు చెందిన హే గ్రోవ్స్ 1917లో చూపిన దారి: రోగి ఒంట్లోంచే ఒక పట్టీ తీసి, రెండు ఎముకల్లోనూ సొరంగాలు తొలిచి, వాటిగుండా పోనిచ్చి కొత్త లిగమెంట్‌ను కట్టడం. ఇవాళ జరిగే ఆపరేషన్ సారాంశం అదే. మారింది కెమెరా, పనిముట్లు, కొలతలు.

పాత ఆలోచన పూర్తిగా చచ్చిపోలేదు కూడా. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో మార్తా మర్రీ బృందం పశువుల కొల్లాజెన్‌తో చేసిన స్పాంజి లాంటి ముక్కను రోగి రక్తంలో తడిపి, తెగిన కొసల మధ్య ఉంచే పద్ధతిని రూపొందించింది. ద్రవం కరిగించేసే గడ్డను ఈ స్పాంజి నిలబెడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 డిసెంబరులో దీనికి అనుమతినిచ్చింది. ఆస్ట్రేలియాలో ఇంకో బృందం మోకాలిని 90 డిగ్రీలు వంచి నాలుగు వారాలు బ్రేస్‌లో బిగించి ఉంచితే, ఆపరేషన్ లేకుండానే చాలామందిలో లిగమెంట్ అతుక్కున్న ఆనవాళ్లు ఎంఆర్ఐలో కనిపించాయని 2023లో నివేదించింది. 80 మందితో చేసిన తొలి పరిశీలన అది. పోల్చి చూడటానికి బ్రేస్ వేయని బృందం అందులో లేదు కాబట్టి తొందరపడి ఏమీ తేల్చకూడదు. రక్తం పల్చబడే మందులు వాడుతూ నెలంతా కాలు వంచి ఉంచడం చిన్న విషయం కూడా కాదు.

ఏసీఎల్ తెగిన ప్రతి మనిషికీ ఆపరేషన్ కావాలా అన్న ప్రశ్నకు స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు 2010లో ఇచ్చిన జవాబు చాలామంది సర్జన్లకు రుచించలేదు. గాయపడిన 121 మంది చురుకైన యువతీయువకులను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి త్వరగా ఆపరేషన్, తర్వాత వ్యాయామ చికిత్స. రెండో బృందానికి ముందు వ్యాయామ చికిత్స మాత్రమే, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్. రెండేళ్లకూ, అయిదేళ్లకూ రోగులు చెప్పిన నొప్పి, పనితీరు, జీవన నాణ్యత రెండు బృందాల్లోనూ ఒకేలా ఉన్నాయి. రెండో బృందంలో అయిదేళ్లకు దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి అవసరమే పడలేదు. అలాగని కత్తి అనవసరమని తీర్మానించలేం. మోకాలు పదేపదే పట్టు తప్పేవాళ్లకు, మెనిస్కస్ కూడా చిరిగినవాళ్లకు, మలుపులూ గెంతులూ ఉన్న ఆటలకు తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు ఆపరేషన్ మేలు. కీలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ కొంచెం నలుగుతుంది. ఆఫీసులో కూర్చుని పనిచేసి, సాయంత్రం తిన్నగా నడిచే నలభై అయిదేళ్ల మనిషి తొడ కండరాలు గట్టిపరుచుకుని ఏళ్ల తరబడి బాగానే ఉండగలడు.

ఆపరేషన్ చేయాలని నిర్ణయించినా వెంటనే చేయరు. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాపగలిగేదాకా ఆగుతారు. ఉబ్బిన మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చ కణజాలం పెరిగి కీలు బిగిసిపోయే ప్రమాదం ఉంది. ఆగిన రోజులు వృథా కావు. ఆపరేషన్‌కు ముందు తొడ కండరం ఎంత గట్టిగా ఉంటే తర్వాత అంత తేలిక.

కొత్త లిగమెంట్‌కు ముడిసరుకు ఎక్కడినుంచి తీయాలన్నది తర్వాతి నిర్ణయం. మోకాలి చిప్ప కింది స్నాయువు మధ్య భాగాన్ని రెండు కొసలా ఎముక ముక్కలతో సహా తీసి వాడే పద్ధతి 1960ల నుంచి ఉంది. ఎముక ఎముకకు అతుక్కోవడం వల్ల ఇది త్వరగా, గట్టిగా పడుతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే మాత్రం చిప్ప కింద నొప్పి చాలామందిని వదలదు. పూజకో నమాజుకో నేల మీద మోకాళ్లు ఆనించేవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు. మన దగ్గర ఎక్కువగా వాడేది తొడ వెనక కండరాల స్నాయువులు, అంటే హ్యామ్‌స్ట్రింగ్. దీనిలో ఒక వింత ఉంది. తీసేసిన స్నాయువు చాలామందిలో ఏడాది రెండేళ్లలో మళ్లీ పెరుగుతుంది. ఆర్థోపెడిక్ పత్రికల్లో దీనికి బల్లి తోక పేరే పెట్టారు. పెరిగినది అసలంత బలంగా ఉండదు.

ఆపరేషన్ సాధారణంగా నడుముకు మత్తు ఇచ్చి చేస్తారు. తొడకు బిగించిన పట్టీ రక్త ప్రవాహాన్ని ఆపుతుంది. మోకాలి లోపలి పక్కన, కాస్త కింద మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, చివర రింగు ఉన్న పొడవాటి పనిముట్టును స్నాయువు వెంబడి తొడలోకి తోస్తే కండరం నుంచి స్నాయువు విడివడి బయటికొస్తుంది. పక్క బల్ల మీద అసిస్టెంట్ దానికి అంటిన ఎర్రటి కండను గీకి తీస్తాడు. తెల్లగా మెరిసే ఆ పట్టీని రెండుగానో నాలుగుగానో మడిచి, కొసలను దారంతో అల్లినట్టు కుట్టి, వరసగా పెద్దవవుతూ పోయే రంధ్రాలున్న దిమ్మెలో దూర్చి మందం కొలుస్తారు. ఎనిమిది మిల్లీమీటర్లకు తక్కువైతే తర్వాత తెగే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఇంకో మడత వేయడమో, ఇంకో స్నాయువు కలపడమో చేస్తారు. ఇన్ఫెక్షన్ రాకుండా వాంకోమైసిన్ కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డలో చుట్టి పెట్టడం ఇప్పుడు చాలాచోట్ల అలవాటైంది. ఈలోగా సర్జన్ చిప్ప కింద రెండు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు దూర్చి, ఉప్పునీటితో కీలును ఉబ్బించి లోపల చూస్తుంటారు. మెనిస్కస్ చిరిగి ఉంటే వీలైనంతవరకు కుడతారు. ఒకప్పుడు దాన్ని కోసి పారేసేవారు. అలా కోసిన మోకాళ్లు త్వరగా అరగడం చూశాక ఆ అలవాటు తగ్గింది.

సొరంగాలు తొలిచే ఘట్టంలో అసలు నేర్పు ఉంది. పాత లిగమెంట్ తొడ ఎముకను పట్టుకున్న అసలు చోటుకు కొన్ని మిల్లీమీటర్లు ముందుకో పైకో సొరంగం పడితే, కొత్త పట్టీ మోకాలు వంచినప్పుడు మరీ బిగుస్తుంది, లేదా మెలికను ఆపలేనంత నిలువుగా నిలుస్తుంది. విఫలమైన ఆపరేషన్లను మళ్లీ తెరిచి చూసినప్పుడు సర్జన్లకు ఎక్కువగా కనిపించే సాంకేతిక లోపం ఇదే. పట్టీని లాగాక పై కొసకు కట్టిన చిన్న లోహపు బటన్ ఎముక బయట అడ్డం తిరిగి ఆగుతుంది. కింది కొసను మరతో బిగిస్తారు. అంతా కలిపి గంట, గంటన్నర. యువ ఆటగాళ్లలో మెలిక వదులు ఎక్కువగా ఉంటే మోకాలి బయటి పక్కన ఇంకో పట్టీని కూడా కడుతున్నారు. 2020లో వెలువడిన 618 మంది అధ్యయనంలో ఈ అదనపు పట్టీ రెండేళ్లలో కొత్త లిగమెంట్ తెగడాన్ని 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గించింది.

ఇక్కడితో సర్జన్ పని అయిపోతుంది, లిగమెంట్ పని మాత్రం కాదు. లోపల కట్టింది ఇంకా స్నాయువే. దాని రక్తనాళాలన్నీ తెగిపోయాయి. మొదటి వారాల్లో దానిలోని కణాలు చాలావరకు చచ్చిపోతాయి. చుట్టూ ఉన్న పొర నుంచి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు లోపలికి పాకి, పాత నారలను కొంత తినేసి, కొత్తవి పేరుస్తాయి. ఈ మార్పు నడుస్తుండగా పట్టీ ఆపరేషన్ రోజున ఉన్నంత బలంగా కూడా ఉండదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది అన్నిటికన్నా బలహీనంగా కనిపించింది. మనుషుల్లో లిగమెంట్ రూపానికి దగ్గరపడటానికి ఏడాది నుంచి రెండేళ్లు. సరిగ్గా బలహీనంగా ఉన్న ఆ రోజుల్లోనే నొప్పి పోయి, నడక కుదిరి, రోగికి అంతా అయిపోయిందనిపిస్తుంది. తిరగబెట్టే గాయాల్లో కొన్నిటికి మూలం ఈ తేడాయే.

మొదటి రెండు వారాల్లో సాధించాల్సింది ఒక్కటే అనిపించేంత ముఖ్యమైనది మోకాలు పూర్తిగా చాచడం. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగం మంచానికి తగిలేలా కిందికి నొక్కుతూ తొడ ముందు కండరాన్ని బిగించాలి. చూడటానికి ఇది వ్యాయామమే కాదనిపిస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడు ప్రయత్నించినవాళ్లకు తెలుస్తుంది, ఎంత చెప్పినా కండరం వినదు. కీలు ఉబ్బినప్పుడు వెన్నుపాము దగ్గరే ఆ కండరానికి వెళ్లే ఆదేశాలు అణిగిపోతాయి. అది ఒళ్లు బద్ధకం కాదు, నాడుల పని. కొన్ని రోజుల్లోనే తొడ సన్నబడటం కంటికి కనిపిస్తుంది. అందుకే ఫిజియోలు కండరానికి విద్యుత్ ప్రేరణ కూడా ఇస్తారు. 1980లలో ఆపరేషన్ తర్వాత వారాల తరబడి కాలిని కదలనీయకుండా ఉంచేవారు. ఇండియానాపోలిస్‌లో డొనాల్డ్ షెల్బర్న్, చెప్పిన మాట వినకుండా త్వరగా నడిచేసిన రోగులే బాగా కోలుకోవడం గమనించి, 1990లో వేగవంతమైన పునరావాస పద్ధతిని ప్రచురించారు. మొండి రోగుల వల్ల వైద్యం మారిన అరుదైన సందర్భం అది.

ఆ తర్వాతి వరస ఇంచుమించు అందరికీ ఒకటే: కదలని సైకిల్, గోడకు ఆనుకుని కొద్దిగా వంగడం, మెట్టు ఎక్కి దిగడం, బరువులు, మూడు నాలుగు నెలలకు తిన్నటి పరుగు, ఆ తర్వాత గెంతడం, మలుపులు. మెనిస్కస్ కుట్టి ఉంటే మొదట్లో లోతుగా వంచనివ్వరు. బాసింపట్టు వేసుకోవడానికీ, గొంతుకూర్చోవడానికీ నెలలు ఆగమంటారు. ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉన్నవాళ్లు కుర్చీ కమోడ్ ముందే సిద్ధం చేసుకోవాలి. కుర్చీలో పనిచేసే మనిషి రెండు మూడు వారాల్లో ఆఫీసుకు వెళ్లగలడు. నాట్లు వేసే కూలీకి, తాపీ పనివాడికి చాలా నెలల సంపాదన పోతుంది. ఆపరేషన్ ఖర్చు లెక్కవేసేటప్పుడు దీన్ని కలపనివాళ్లే ఫిజియోథెరపీని మధ్యలో మానేస్తుంటారు.

ఆటకు ఎప్పుడు తిరిగి వెళ్లొచ్చన్న ప్రశ్నకు ఒకప్పుడు ఆరు నెలలనేవారు. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఆ లెక్కను మార్చింది. తొమ్మిది నెలల దాకా, ఆటను వాయిదా వేసిన ప్రతి నెలా మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి పడిపోయింది. కండర బలం, ఒంటికాలి గెంతుల పరీక్షలు పాసవకుండా ఆడినవాళ్లలో 38 శాతం మంది మళ్లీ గాయపడితే, పాసై ఆడినవాళ్లలో 6 శాతం లోపే. క్యాలెండర్ ఒక్కటే చాలదు. రెండో కాలి బలంలో కనీసం 90 శాతం రావాలి. ఆ రెండో కాలు కూడా ఈలోగా నీరసపడి ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ 90 కూడా తక్కువే.

బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంట్ 1994లో పుణె జాతీయ క్రీడల్లో తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాయి. 1996లో జాతీయ చాంపియన్, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత. రెజ్లర్ వినేశ్ ఫోగట్‌ను 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతో స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. 2018లో ఆమె కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండిటిలోనూ స్వర్ణం గెలిచింది. 2023 ఆగస్టులో ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఏడాదికి పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు చేరింది. ఇలాంటి పేర్లు ధైర్యమిస్తాయి, సగటును మాత్రం చెప్పవు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే, ఆపరేషన్ అయినవాళ్లలో 81 శాతం ఏదో ఒక ఆటకు, 65 శాతం పాత స్థాయికి, 55 శాతం పోటీల స్థాయికి తిరిగి వెళ్లారు. వెనక్కి తగ్గినవాళ్లలో చాలామందికి మోకాలు బాగానే ఉంది, మళ్లీ తెగుతుందేమోనన్న భయం పోలేదు. భయం పూర్తిగా అకారణమూ కాదు. పాతికేళ్ల లోపు వయసులో ఆటకు తిరిగి వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్లీ తెగుతోంది.

ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఈ గాయం రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలే తీరు దానికి ఒక కారణం, చిన్నప్పటి నుంచి బలం పెంచే శిక్షణ అందకపోవడం ఇంకొకటి. దిగడం, మలుపు తిరగడం, ఒంటికాలి నిలకడ నేర్పే పావుగంట, ఇరవై నిమిషాల వార్మప్‌ను వారానికి రెండు మూడుసార్లు చేయిస్తే గాయాలు సుమారు సగం తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు చూపాయి. ఫిఫా రూపొందించిన 11 ప్లస్ వాటిలో ప్రసిద్ధమైనది. దీనికి బంతి, ఖాళీ జాగా తప్ప పరికరాలేవీ అక్కర్లేదు, కబడ్డీ, ఖోఖో కోచ్‌లు కూడా చేయించవచ్చు.

ఇరవై ఏళ్ల వయసులో తెగిన లిగమెంట్ అసలు లెక్క నలభైలలో తేలుతుంది. ఏసీఎల్ తెగిన స్వీడన్ మహిళా ఫుట్‌బాల్ ఆటగాళ్లను పన్నెండేళ్ల తర్వాత పరీక్షించిన అధ్యయనం 2004లో వచ్చింది. అప్పటికి వాళ్ల సగటు వయసు 31 మాత్రమే. సగం మంది ఎక్స్‌రేలో మోకాలి అరుగుదల స్పష్టంగా కనిపించింది. ఆపరేషన్ అయినవాళ్లకూ కానివాళ్లకూ ఇందులో పెద్ద తేడా లేదు. తెగిన క్షణంలో ఎముకలు ఒకదాన్నొకటి గుద్దుకున్న దెబ్బ, ఆ తర్వాత కీలులో నిలిచిన రక్తం రేపిన వాపు, పోయిన మెనిస్కస్ ముక్క, వీటి ప్రభావాన్ని కొత్త లిగమెంట్ చెరిపేయలేదు. ఎక్స్‌రేలో అరుగుదల ఉన్న అందరికీ నొప్పి ఉండదు. ఒంటి బరువు అదుపులో ఉండి, తొడ కండరం గట్టిగా ఉన్నవాళ్లు ఆ దశను చాలా ఏళ్లు వెనక్కి నెట్టగలుగుతారు. అందుకే ఇప్పుడు ఫిజియోలు ఆటకు తిరిగి వెళ్లాక కూడా వారానికి రెండుసార్ల బరువుల వ్యాయామం ఆపవద్దంటున్నారు.